తాత రుమాలు, లండన్ వేలంపాట

వేలంపాట అన్న మాట వినబడితే నా మనసులో మొదట మెదిలేది వేరుశనగ కుప్ప. నా బాల్యమంతా పాలమూరు జిల్లా జడ్చర్లలో గడిచింది. మా నాయిన అక్కడి బడిలో ఉపాధ్యాయుడు. బాదేపల్లి మార్కెట్ యార్డు మా అద్దె ఇంటికి పిలుపు దూరంలో ఉండేది. పంట వచ్చే రోజుల్లో బడి వదలగానే మేమంతా అక్కడికే పరుగెత్తేవాళ్ళం. గచ్చు మీద వరసగా పోసిన కుప్పలు, ఒక్కో కుప్ప పక్కన ఒక్కో రైతు. ఖరీదుదారులు గుంపుగా వచ్చి, పిడికెడు కాయలు తీసి, చిదిమి, గింజ నోట వేసుకొని, ఒకరి ముఖం ఒకరు చూసుకొని ధర పలికేవారు. రైతు మాత్రం తలరుమాలు తీసి చంకన పెట్టుకొని మౌనంగా నిలబడేవాడు. నెలల తరబడి తాను కాపాడుకున్న పంటకు ధర కట్టే ఆ ఘడియలో అతడొక ప్రేక్షకుడు మాత్రమే.

పశువుల అంగడిలో మరో పద్ధతి. అక్కడ బేరగాళ్ళు తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. ఎన్ని వేళ్ళు నొక్కారో, దాని అర్థం వందలో వేలో, పక్కన నిలబడ్డవాడికి తెలియదు. ఎద్దుకు అసలే తెలియదు. ధర అనేది సరుకులో ఉండదనీ, గుడ్డ కింద రెండు చేతుల మధ్య ఎక్కడో పుడుతుందనీ నాకు ఆ వయసులోనే లీలగా అనిపించింది. ఆ సంగతిని మాటల్లో పెట్టుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అందుకు కారణం, నేను ఎన్నడూ చూడని ఒక దేశపు చిత్రకారుడు.

ఆయన పేరు మహమ్మద్ మెలేహీ. మొరాకో దేశస్థుడు. 2020 మార్చిలో సోద్‌బీస్ వారి లండన్ వేలంలో ఆయన 1963లో వేసిన 'ద బ్లాక్స్' అనే చిత్రం 3,99,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. వేలం సంస్థ ముందుగా వేసుకున్న అంచనాకు అది ఎన్నో రెట్లు. అప్పటి మారకం లెక్కన మన రూపాయల్లో మూడున్నర కోట్ల పైమాటే. అప్పుడు దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. ఇంటి గడప దాటే వీలు లేక, అంతర్జాలంలో అక్కరకురాని విషయాలన్నీ చదువుతున్న నాకు ఆ వార్త కంటబడింది. ఆయన ఇతర చిత్రాలు కూడా వెతుక్కొని చూశాను. మనిషి లేడు, చెట్టు లేదు, గుర్రం లేదు. అంచులు కత్తితో కోసినట్టున్న పట్టెలు, చతురస్రాలు, ఒకదానివెంట ఒకటి కదిలే అలలు. రంగుకూ రంగుకూ మధ్య ఎక్కడా మెత్తదనం లేదు.

మా ఇంట్లో ఆ బొమ్మలను చూసినవారు "ఇందులో ఏముంది?" అన్నారు. నాకు మాత్రం వెన్నులో ఏదో జలదరించింది. ఈ ఎరుపు పక్కన నలుపు, నలుపు పక్కన తెలుపు, గడిలో గడి, ఇదంతా నేనెక్కడో చూశాను. చూడటమేమిటి, చేత్తో తాకాను. దానికొక వాసన కూడా ఉంది. ఆముదం వాసన.

అది మా తాత రుమాలు.

మా పూర్వీకులది నల్లగొండ జిల్లా. పుట్టపాకకు నాలుగు మైళ్ళ దూరంలోని పల్లె. 2016లో జిల్లాలు విడగొట్టిన తరువాత అది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది. మా నాయిన చదువుకొని ఉద్యోగరీత్యా పాలమూరు వైపు వచ్చేశాడు గానీ, తాత జీవితమంతా గుంటమగ్గంలోనే గడిచింది. వయసులో ఉన్నప్పుడు ఆయన నేసినవి తేలియా రుమాళ్ళు. ఆ పేరు ఇప్పటి వారికి చేనేత ప్రదర్శనల పుణ్యమా అని కొంత పరిచయమే. పూర్వం చీరాల ప్రాంతం ఈ నేతకు పుట్టినిల్లు. అక్కడి నుండి ఆ విద్య నల్లగొండ పల్లెలకు వచ్చి, పుట్టపాకలో నిలదొక్కుకొంది. తేలియా అంటే నూనెది అని అర్థం. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి ముంచి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ ముంచి, రెండు మూడు వారాలకు గానీ ఆ నూలు రంగుకు సిద్ధం కాదు. అప్పుడే ఎరుపు దానికి అతుక్కుంటుంది, ఉతికినా పోదు. గుడ్డ మెత్తగా ఉంటుంది, ఎండలో తలకు చలువ చేస్తుంది.

నల్లగొండ, పాలమూరు ఎర్రచెలకల్లో ఆముదం చెట్టు వర్షం మొహం చాటేసినా బతుకుతుంది. వరి పండని చోట ఆముదం పండుతుంది. దాని గింజ గానుగకు పోతే, మిగిలిన పొట్టు సాలెల ఇంటికి వచ్చేది. మెట్ట నేల మనకిచ్చిన పేదరికంలోంచే ఆ రుమాలు మెత్తదనం కూడా పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఆ రుమాళ్ళు వేసుకున్నది మనవాళ్ళు మాత్రమే కాదు. అవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. ఏడెన్ రేవు, పర్షియా సింధుశాఖ ఒడ్డున ఉన్న పట్టణాలు, ఆ ఎడారుల మనుషులు వాటిని తలకు చుట్టుకొనేవారు. ఇసుక గాలికీ, ఎండకూ నూనె పట్టిన ఆ గుడ్డ వారికి ఎంతో ఉపకారం చేసేది. అందుకే వాటి మీద తొలిరోజుల్లో బొమ్మలకంటే గళ్ళు, త్రికోణాలు, మెట్ల అంచులు, చుక్కలే ఎక్కువ. తరువాతి కాలంలో గడియారాలు, విమానాలు, సింహాలు కూడా వచ్చాయనుకోండి. అది వేరే ముచ్చట. మా నాయనమ్మ ఆ రుమాళ్ళను 'అరబోళ్ళ రుమాళ్ళు' అనేది. తాత నేసిన కట్టలు హైదరాబాదు వ్యాపారి దుకాణానికి చేరేవట. అక్కడి నుండి ఎక్కడికి పోయేవో ఆయనకు తెలియదు. నగరంలో బార్కస్ వీధుల్లో, నిజాం సైన్యంలో కొలువుకు వచ్చిన అరబ్బుల సంతతివారి తలల మీద ఒకటి రెండుసార్లు చూశాడట. అంతవరకే ఆయనకు ఎరుక.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఆ గిరాకీ పడిపోయింది. తాత చీరల నేతకు మారాడు. కానీ పాత రోజుల గుర్తుగా రెండు రుమాళ్ళు ట్రంకు పెట్టెలో అడుగున దాచుకున్నాడు. 1988లో ఆయన కాలం చేశాడు.

ఇక నేను చెప్పుకోవలసిన సంగతి. 1993లో నేను డిగ్రీ చదువుతున్నాను. వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళాను. పాత గుడ్డలు, ఇత్తడి సామాన్లు కొనే ఒకాయన ఊరూరా తిరుగుతూ మా వాకిట్లోకి వచ్చాడు. నాయనమ్మ ఇంట్లో లేదు. నేను పెట్టె తెరిచి, పాత నూలు చీరలతో పాటు ఆ రెండు రుమాళ్ళూ చూపించాను. చీరలు పక్కన పెట్టి, రుమాళ్ళను వెలుగుకు ఎత్తి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. మూడు వందలిస్తానన్నాడు. ఆ కాలానికి అది నాకు పెద్ద మొత్తం. పోటీ పరీక్ష దరఖాస్తు రుసుముకు డబ్బు కావాలి, నాయినను అడగడానికి మొహమాటం. బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాను. తలకు చుట్టుకోవడానికి ఇంట్లో ఎవరూ లేని రుమాలు పెట్టెలో ఉంటే ఏమిటి, లేకుంటే ఏమిటి అనుకున్నాను.

రెండు రోజుల తరువాత నాయనమ్మ పెట్టె సర్దుతూ అడిగింది.

"తాత రుమాళ్ళు ఏడ బెట్టినవ్ బిడ్డా?"

"అమ్మిన నాయనమ్మా. మూడు నూర్లొచ్చినయ్."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఎక్కువకు అమ్మవలసిందని కూడా అనలేదు. కాసేపాగి అడిగింది.

"కొన్నాయనకు ఎవరు నేసిండ్రో చెప్పినవా?"

"ఆయన అడుగలే."

"అడుగకుంటే నువ్వు చెప్పొద్దా?"

అంతే. పెట్టె మూసేసింది. మళ్ళీ ఆ ప్రస్తావన ఎన్నడూ తేలేదు. ఆ ప్రశ్న వెనుక ఏముందో ఆనాడు నాకు అర్థం కాలేదు. ముసలివారి చాదస్తమనుకున్నాను. ఇరవై ఏడేళ్ళ తరువాత లండన్ వేలం వార్త చదివినప్పుడు ఆ ప్రశ్న నా ముందుకు వచ్చి మళ్ళీ నిలబడింది.

ఎందుకంటే వేలం సంస్థల పట్టీలను కొంచెం శ్రద్ధగా చూస్తే అక్కడ అమ్ముతున్నది ఏమిటో తెలుస్తుంది. ఒక చిత్రం కింద ఉండే వివరాల్లో కొలతలు, రంగుల సంగతి ఒకటి రెండు వరసలే. మిగిలినదంతా పేరు, సంతకం, ఏ సంవత్సరం వేశాడు, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చింది, ఎక్కడెక్కడ ప్రదర్శించారు, ఏ పుస్తకంలో అచ్చయింది. ఒక రకంగా అది ఆ చిత్రానికి గోత్రప్రవర. దాని ఆధారంగా ఒక కనిష్ఠ అంచనా, ఒక గరిష్ఠ అంచనా వేస్తారు. ఇంతకు తక్కువైతే అమ్మబోమని లోపల ఒక గీత గీసుకుంటారు. ఆపైన పాట మొదలవుతుంది. పాట ఎంతవరకు పోతుందన్నది చిత్రం మీద ఆధారపడదు. దానిని వదలలేని మనుషులు కనీసం ఇద్దరు ఉన్నారా లేరా అన్నదానిపై ఆధారపడుతుంది. ఒక్కడే ఉంటే అది గీత దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరుంటే ఆకాశమే హద్దు.

ఇది మనకు తెలియని విషయమేమీ కాదు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ వేలం చూడండి. 1994లో 450 రూపాయలకు పాడారు. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు, 2025లో 35 లక్షలు. లడ్డూలోని నెయ్యి, చక్కెర ఏమీ మారలేదు. పాడినవాడు కొన్నది తీపిని కాదు. ఊరందరి ఎదుట తన పేరు మైకులో వినిపించడాన్నీ, ఆ ఏడు తన ఇంటికి శుభం జరుగుతుందన్న నమ్మకాన్నీ కొన్నాడు. ఆ సొమ్ము ఊరి బాగుకు పోతుంది కాబట్టి దాన్ని తప్పు పట్టే పనీ లేదు. వేలంలో ధర అంటే నమ్మకానికీ, పేరుకూ పెట్టే వెల అని చెప్పడానికే ఈ ఉదాహరణ.

అలాగయితే మెలేహీ చిత్రానికి పలికిన ధర వట్టి డాంబికమేనా? మొదట నేనూ అలాగే అనుకొని, కొంచెం అక్కసుతోనే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నా అక్కసు కరిగిపోయింది.

మెలేహీ 1936లో అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున అసీలా అనే చిన్న రేవు పట్టణంలో పుట్టాడు. స్పెయిన్‌లో, రోములో చదువుకొన్నాడు. 1962 నుండి రెండేళ్ళు అమెరికాలో ఉన్నాడు. 'ద బ్లాక్స్' ఆ కాలపు చిత్రమే. ఐరోపాలోనో, న్యూయార్కులోనో స్థిరపడిపోవచ్చు. కానీ 1964లో స్వదేశానికి తిరిగివచ్చి, కాసాబ్లాంకా చిత్రకళాశాలలో అధ్యాపకుడిగా చేరాడు. అప్పటికి మొరాకోకు స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళే. ఫరీద్ బెల్కాహియా ఆ కళాశాలకు అధిపతి. మహమ్మద్ షబ్బా మరొక సహచరుడు. ఫ్రెంచివారు వదిలివెళ్ళిన పాఠ్యక్రమంలో గ్రీకు విగ్రహాల నకళ్ళు చూసి బొమ్మలు గీయడం నేర్పేవారు. వీరు దాన్ని మార్చారు. విద్యార్థుల ముందు తివాచీలు, నగలు, కుండలు, కొండ పల్లెల మసీదుల రంగుల కప్పులు పెట్టారు. టోనీ మరాయినీ అనే కళాచరిత్రకారిణి, బెర్ట్ ఫ్లింట్ అనే పరిశోధకుడు ఆ పనిలో వారికి తోడు నిలిచారు.

వారి వాదన స్థూలంగా ఇది. నైరూప్య చిత్రకళ పడమటి దేశాల వారు మనకు ప్రసాదించిన కొత్త విద్య కాదు. కొండల్లో మగ్గం ముందు కూర్చున్న అమజిగ్ స్త్రీలు ఎన్నో తరాలుగా చేస్తున్నదే అది. వారి తివాచీ మీద గడి గడిగానే ఉంటుంది, రంగు రంగుగానే మాట్లాడుతుంది. దాన్ని చూసి "ఇందులో బొమ్మ ఏది?" అని వారి ఇంట్లో ఎవరూ అడగరు. 1969లో ఈ చిత్రకారులు ఆరుగురు తమ చిత్రాలను ప్రదర్శనశాలల్లో కాక, మర్రాకేష్ నగరంలో జమా ఎల్ ఫనా అనే సంత మైదానంలో గోడలకు వేలాడదీశారు. కోతులాడించేవారు, కథలు చెప్పేవారు, ఫలహారాలమ్మేవారు తిరిగే చోట. ఎండలో, దుమ్ములో. అంగడికి వచ్చినవాడెవడైనా చూడవచ్చు. ఆ తరువాత 1978లో తన సొంత ఊరు అసీలాలో మిత్రుడితో కలసి ప్రారంభించిన ఉత్సవంలో, ఊరి గోడల మీదనే చిత్రాలు వేయించాడు.

ఈ సంగతులు చదివిన తరువాత మెలేహీ నాకు పరాయివాడిగా కనిపించలేదు. నా అనుమానానికి ఆయనే సగం జవాబు చెప్పి ఉన్నాడు. ఆయన చేసినది దొంగతనం కాదు, అప్పు. తీసుకున్న అప్పును ఒప్పుకొన్నాడు, పదిమందికీ చెప్పాడు. కానీ వేలంశాలలో సుత్తి పడ్డప్పుడు ఆ అప్పు సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. సంతకం ఉన్న చతురస్రం మూడున్నర కోట్లు. ఆ చతురస్రాన్ని ముందుగా నేసిన స్త్రీకి పేరు లేదు. వేలంవారు ఆ చిత్రాలను అరబ్బు కళ, మధ్యప్రాచ్య కళ అనే శీర్షిక కింద అమ్ముతారు. ఆ స్త్రీలేమో తమను అరబ్బులమని కూడా అనుకోరు. శీర్షికలోనూ వారికి చోటు లేదు.

అదే సమయంలో ఒక విషయం ఒప్పుకోవాలి. మా తాత రుమాలు, మెలేహీ చిత్రం ఒకటే అని నేను అనడం లేదు. మెలేహీ ప్రతి చిత్రంలోనూ ఇంతకు ముందు లేనిదాన్ని వెతికాడు. తాత అలా వెతకలేదు, వెతికే అవకాశమూ లేదు. వ్యాపారి అడిగిన నమూనా, అడిగినన్ని కట్టలు నేశాడు. కానీ ఆ నమూనాను నూలులోకి తేవడానికి కావలసిన మేధ చిన్నదేమీ కాదు. తేలియా రుమాలులో పడుగుకూ, పేకకూ రెండింటికీ ముందే రంగు వేస్తారు. నూలును కాగితం మీది లెక్క ప్రకారం లాగి కట్టి, రంగు అంటకూడని చోటల్లా గట్టిగా చుట్టి ముడివేస్తారు. సైకిలు ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పేలికలు ఇందుకు వాడతారు. రంగులో ముంచి, ముడులు విప్పి, మళ్ళీ వేరే చోట కట్టి, వేరే రంగులో ముంచుతారు. ఇంకా మగ్గమెక్కని నూలులోనే నమూనా అంతా దాగి ఉంటుంది. నేసేటప్పుడు పడుగులోని ఎరుపు మీద పేకలోని ఎరుపు సరిగ్గా వచ్చి కూర్చోవాలి. ఒక్క పోగు జరిగితే గడి అంచు చెదురుతుంది. నాడె వేసిన ప్రతిసారీ పేకను సవరించుకోవాలి. బొమ్మ గీసేవాడు గీత తప్పితే పైన రంగు పూసుకోవచ్చు. నేసేవాడికి ఆ సౌకర్యం లేదు.

పైగా అది ఒక్కరి పని కాదు. పేక నూలును చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద, నూలును అటూ ఇటూ చేత్తో తిప్పుతూ పోయడమే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ కదలాలి. ఆ పని ఇంటి ఆడవారిది. మా నాయనమ్మ కుడి భుజం తల పైకి లేచేది కాదు. జడ వేసుకోవాలంటే ఎవరైనా సాయం చేయవలసిందే. అందుకు కారణం ముసలితనమని మేమంతా అనుకొనేవాళ్ళం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడనీ, దానికి తల్లి పేరే పెట్టి 'లక్ష్మీ ఆసు యంత్రం' అన్నాడనీ విన్న రోజున నాకు నాయనమ్మ భుజం గుర్తుకువచ్చింది. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో సినిమా కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ యంత్రం కంటే ఆ పేరు పెట్టిన తీరు గొప్పగా తోచింది. ఇన్ని తరాల ఆసు పోసిన చేతుల్లో ఒక తల్లి పేరైనా ఇనుము మీద నిలిచింది.

అప్పుడు నాయనమ్మ ప్రశ్న పూర్తిగా అర్థమయింది. "ఎవరు నేసిండ్రో చెప్పినవా?" అన్నప్పుడు ఆమె తాత ఒక్కడి గురించే అడగలేదు. ఆ రుమాళ్ళకు ఆసు పోసింది ఆమే. నూనెలో నూలు పిసికిందీ ఆమే. మూడు వందలకు నేను అమ్మినది ఇద్దరి పని. అమ్మినందుకు ఆమె బాధపడలేదు, నేసిందే అమ్మడానికి కదా! వారిరువురి పేర్లూ లేకుండా పంపినందుకు బాధపడింది. ఆ రుమాళ్ళు ఏ సంగ్రహాలయపు అద్దాల వెనుక ఉన్నాయో, ఏ ధనికుడి ఇంటి గోడ మీద చట్రంలో ఉన్నాయో, లేక ఏ గిడ్డంగిలో చిమ్మటలు కొట్టి పోయాయో నాకు తెలియదు. ఎక్కడున్నా వాటి కింద 'నేతకారుడు అజ్ఞాతం' అనే రాసి ఉంటుంది. ఆ అజ్ఞాతం నా చలువే. నాయనమ్మ ఆనాడు ఊళ్ళో ఉంది, రెండిళ్ళ అవతల. పిలిస్తే వచ్చేది.

ఇక్కడ చట్టం కూడా పేరున్నవారి వైపే నిలబడుతుంది. మన దేశపు కాపీరైటు చట్టంలో 1994 సవరణతో 53ఎ అనే సెక్షను చేర్చారు. చిత్రం, శిల్పం, రేఖాచిత్రం, రచయిత మూల వ్రాతప్రతి వంటివి పదివేల రూపాయలకు మించి మళ్ళీ అమ్ముడుపోతే, ఆ ధరలో కొంత వాటా కోరే హక్కు మొదటి సృష్టికర్తకో, అతని వారసులకో ఉంటుంది. పదిశాతానికి మించరాదు. ఆ జాబితాలో రుమాలు లేదు. ఉన్నా ఎవరికి ఇస్తారు? నూనె పట్టినవారికా, ముడి వేసినవారికా, మగ్గంలో కూర్చున్నవారికా?

పరిస్థితి ఏమాత్రం మారలేదని అనను. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ పురస్కారాలు వచ్చాయి. మెలేహీ చిత్రం అమ్ముడుపోయిన 2020లోనే తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు మనిషి పేరును కాపాడదు, చోటు పేరును కాపాడుతుంది. యంత్రం మీద అచ్చువేసిన నకిలీ గుడ్డను ఆ పేరుతో అమ్మకూడదంటుంది. అది కూడా అవసరమే. మెలేహీ 2020 అక్టోబరులో పారిస్‌లో కోవిడ్‌తో కన్నుమూశాడు. మార్చిలో వేలం, అక్టోబరులో మరణం. ఆ వార్త చదివిన రోజున, ఎన్నడూ కలవని ఆ మనిషి కోసం నాకు నిజంగానే దిగులు కలిగింది. పేర్లు లేని చేతులకు నమస్కరించిన మనిషి ఒకడు తగ్గిపోయాడు కదా అని.

మరుసటి ఏడాది రాకపోకలు కుదుటపడ్డాక పుట్టపాక వెళ్ళాను. ఒక ఇంటి ముందు ఆగితే, మగ్గం మీదినుంచే పలకరించి కూర్చోమన్నారు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళ రుమాలు ఒకటి ఎంచుకొన్నాను. పోయినదానికి ఇది బదులు కాదని తెలుసు. ధర చెప్పారు. బేరమాడలేదు. డబ్బు ఇచ్చిన తరువాత, "దీన్ని ఎవరెవరు చేసిండ్రో పేర్లు చెప్తారా?" అని అడిగాను.

మగ్గంలో ఉన్నాయన నవ్వాడు. "పేర్లెందుకు సారూ, బిల్లు మీద దుకాణం పేరుంటది గద!"

"బిల్లుకు కాదన్నా, నాకు కావాలె."

ఆయన ఒక నిమిషం ఆలోచించి, వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నూనె పట్టింది అమ్మ. ఆసు పోసింది భార్య. చిటికి కట్టింది తమ్ముడు. నేసింది తాను. మొత్తం నలుగురు. లోపలి నుండి ఆయన తల్లి తొంగిచూసి, "నా పేరు గూడ రాస్తున్నవా బిడ్డా?" అని అడిగింది. రాశాను. ఆమె దగ్గరకు వచ్చి, అక్షరాలు చదవరాకపోయినా, నేను రాసిన చోట వేలితో ఒకసారి తడిమి చూసింది.

ఆ నాలుగు పేర్లూ ఇక్కడ రాయడం లేదు, వారి అనుమతి అడగలేదు కాబట్టి. గట్టి నూలు గుడ్డ ముక్క మీద చెరగని సిరాతో, సంవత్సరంతో సహా రాసి, రుమాలు అంచుకు నాలుగు కుట్లు వేశాను. దాని కింద మరొక ముక్క మీద మా తాత పేరు, మా నాయనమ్మ పేరు రాశాను. ఆ రెండు పేర్లకూ చెందిన రుమాళ్ళు నా దగ్గర లేవు. ఉన్న చోట పేర్లు లేవు. కనీసం ఈ పెట్టెలో పేర్లయినా ఉండనీ అనుకొన్నాను.

రుమాలుకు ఇంకా ఆముదం వాసన పోలేదు. రేపు నా పిల్లలు దీన్ని అమ్ముకొన్నా నాకు అభ్యంతరం లేదు. వారికేం అవసరం వస్తుందో నాకేం తెలుసు. కొన్నవాడు అడిగినా అడగకున్నా, ఆ గుడ్డ ముక్కను మాత్రం కత్తిరించవద్దని చెప్పి ఉంచాను.